గన్నవరం నుంచి గ్వాయాకిల్

గుడివాడ,
28 నవంబరు 2024

రత్నం అన్నయ్యగారికి,

నమస్కారం. ఉత్తరం చూసి కంగారు పడకండి, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. బిందు పదో తరగతి హడావిడిలో ఉంది. నా స్కూలూ, నా సోషల్ పాఠాలూ మామూలే. మీరు ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాను. మూడు నెలల్లో ఇరవై సార్లన్నా చేసి ఉంటాను. ఫోన్ అయితే మోగనిచ్చి ఊరుకోవచ్చు, పోస్ట్‌మ్యాన్ గుమ్మంలోకొచ్చి ఇస్తే తీసుకోక తప్పదు కదా. నాగాయలంకకు ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు పోస్టాఫీసులో. మీరు ఈక్వెడార్ నుంచి రెండు రోజుల్లో వచ్చారు.

మీ బావ సంవత్సరీకం దగ్గర పడుతోంది. కృత్తివెన్ను రొయ్యల చెరువుల మీద పనిచేసేటప్పుడు మా ఆయనా మీరూ కలుపుకున్న వరస పుణ్యాన నేను మీకు చెల్లెల్నయ్యాను. ఆ చనువుతోనే అడుగుతున్నాను. గ్వాయాకిల్ ఆసుపత్రిలో ఆయన పోయిన గంట నాకు కచ్చితంగా కావాలి.

మీరు ఆ రోజు చెప్పింది మార్చి నాలుగు రాత్రి పది గంటలని. అక్కడి రాత్రి పదంటే ఇక్కడ ఐదో తారీకు ఉదయం ఎనిమిదిన్నర. మన పురోహితుడు వెంకట్రామయ్యగారు పంచాంగం చూసి మాఘ బహుళ దశమి అన్నారు. నెలనెలా ఆ తిథికే మాసికం పెట్టిస్తున్నాం. మా మరిది సాయికిరణ్ హైదరాబాదు నుంచి వచ్చి పెడుతున్నాడు. మొన్న సోమవారం కూడా పెట్టాడు. అప్పుడు వెంకట్రామయ్యగారికి ఒక అనుమానం వచ్చింది. ఆ దశమి మన టైము ఉదయం ఎనిమిదీ నాలుగు నిమిషాలకు వచ్చిందట. మీరు చెప్పిన పది గంటలు నిజానికి తొమ్మిదిన్నర అయితే ఇక్కడ ఎనిమిదే, తిథి నవమి అవుతుంది. "తిథి తప్పితే పెట్టింది చేరదమ్మా. పోయినవాడు ఆకలితో తిరుగుతాడు," అన్నారు.

అసలు ఎంత దూరమని అడిగారాయన. ఫోన్‌లో చూపించాను. గన్నవరం విమానాశ్రయం నుంచి గ్వాయాకిల్ విమానాశ్రయానికి గాలిలో గీత గీస్తే పదిహేడు వేల మూడు వందల డెబ్భై కిలోమీటర్లు. ఆమడల్లో చెప్పమన్నారు. పదమూడు వందల పైచిలుకు అన్నాను. మధ్యలో పెద్ద ఏరు అడ్డుంటేనే దేశాంతరం అన్నారట శాస్త్రంలో, మీకు ఏకంగా మహాసముద్రమే అడ్డుంది. అయినా చంద్రుడు ఒక్కడే కదండీ. తిథి అందరికీ ఒక్క క్షణంలోనే మారుతుంది. నాకు కావలసింది ఆ క్షణం.

ఇంకో సంగతి, చదివి నవ్వకండి. ప్రతి నెలా మాసికం పెట్టిన మర్నాడు, స్కూలు నుంచి వచ్చి నేను తాళం తీస్తుంటే, ఇంట్లోంచి చప్పుడు వస్తోంది. చెరువు నుంచి వచ్చాక మీ బావ పెరటి మెట్టుకు బూట్లు కొట్టి బురద దులిపేవాడు చూడండి, ఆ చప్పుడు. మూడు దెబ్బలు. సాయంత్రం నాలుగుంబావుకు, పట్టపగలు, తాళం వేసిన ఇంట్లో. లోపలికెళ్తే ఎవరూ ఉండరు. చెరువు అడుగు బురద వాసన మాత్రం కాసేపు ఉంటుంది. మొదటి రెండు నెలలూ నా భ్రమ అనుకున్నాను. ఇప్పుడు నాకు భయంగా ఉంది, అన్నయ్యగారూ. ఆయన ఆకలితో వస్తున్నాడని భయంగా ఉంది.

గంట రాయండి. ఆసుపత్రి కాగితం మీ దగ్గరే ఉందన్నారు, అది కూడా పంపండి.

మీ చెల్లెలు,
ఝాన్సీలక్ష్మి


నాగాయలంక,
7 డిసెంబరు 2024

చెల్లెమ్మ ఝాన్సీకి,

ప్రభువు నామంలో వందనాలు. ఫోన్ సంగతికి ఏమీ అనుకోవద్దు. చెరువులో పడి పాడైంది. ఇక్కడ నాలుగెకరాలు కౌలుకు తీసుకుని వనామీ రొయ్య వేశాను. పొద్దస్తమానం గట్టు మీదే సరిపోతోంది.

నువ్వడిగిన గంట నాకు బాగా గుర్తుంది. పది దాటి ఐదు నిమిషాలు. గోడ మీద గడియారం చూశాను. కాలికి ఆల్చిప్ప గీసుకున్న గాయం చీము పట్టి, ఆ విషం ఒళ్లంతా పాకిందని నీకు అప్పుడే చెప్పాను. చివర్లో బాధ ఏమీ లేదు. బావ నా చేతుల్లోనే, నా ఒళ్లో తల పెట్టుకుని, నిద్రపోయినట్టు పోయాడు. నీ పేరూ బిందు పేరూ తలుచుకున్నాడు. మర్నాడు సాయంత్రం దాకా అన్నీ నేనే దగ్గరుండి చూసి, మనసు రాయి చేసుకుని విమానం ఎక్కాను. అక్కడి పద్ధతి ప్రకారం దహనం కంపెనీవాళ్లు తర్వాత చేయించారు. ఏప్రిల్లో అస్థికలు నా పేరు మీద వస్తే తెచ్చి నీకు అప్పగించాను. హంసలదీవి దగ్గర సముద్రంలో కలిపేటప్పుడు నేనూ మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాను కదా.

కాగితాలు స్పానిష్‌లో ఉన్నాయి. తర్జుమాకి బందరులో ఒక లాయరుగారికి ఇచ్చాను. రాగానే పంపుతాను.

చప్పుడు గురించి మనసు పాడుచేసుకోకు. పాత ఇల్లు కదా, నీళ్ల పైపులు ఎండకు అలాగే కొట్టుకుంటాయి. మా వాళ్లలో ఏ గంటకు పోయారని లెక్క పెట్టుకోరు. తారీకు వచ్చిన రోజు పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టుకుంటాం, అంతే. ఆయన దేవుడి దగ్గర చల్లగా ఉన్నాడు. మీ అన్నయ్య మాట నమ్ము.

రత్నం


గుడివాడ,
29 డిసెంబరు 2024

అన్నయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. పది దాటి ఐదు నిమిషాలనగానే వెంకట్రామయ్యగారి ముఖం వెలిగింది. దశమి నికరంగా నిలిచిందన్నారు. ఆయన మీ ఒళ్లో తల పెట్టుకుని పోయాడన్న వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. పరాయి దేశంలో, మాట తెలియని చోట, మన మనిషి ఒకరు పక్కన ఉన్నారు. ఈ పది నెలలూ నన్ను నిలబెట్టింది అదొక్కటే.

మొన్న బుధవారం ఈ నెల మాసికం పెట్టాం. గురువారం క్రిస్మస్ సెలవుల వల్ల ఇంట్లోనే ఉన్నాం, నేనూ బిందూ. నాలుగుంబావు అయింది. నేను కూర తరుగుతున్నాను. పెరటి మెట్టు మీద మూడు దెబ్బలు. బిందు చదువుతున్న పుస్తకం మూసి, "అమ్మా, నాన్న," అంది. నేను దానికి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరం తలుపు తీసి చూశాం. మెట్టు పొడిగా ఉంది. పిల్ల ఆ రోజు అన్నం తినలేదు. నీళ్ల పైపులు తారీకు చూసుకుని కొట్టుకోవు కదండీ.

అప్పుడే బిందు తన ఫోన్‌లో దాచుకున్న ఒక ఫొటో చూపించింది. మీ బావ వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనిపించాడో పేరు కింద పడుతుంది చూడండి, దాన్ని ఫొటో తీసి పెట్టుకుంది. రోజూ చూసుకుంటుందట. పిచ్చిపిల్ల, ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. అందులో మార్చి ఆరు, మధ్యాహ్నం మూడూ యాభై అని ఉంది. మన టైము.

మీరు చెప్పిన లెక్కకు అప్పటికి ఆయన పోయి ముప్పై ఒక్క గంటలు. మరి ఫోన్ ఎవరు తెరిచారు?

ఇంకొకటి. ట్రైనింగుకని బందరు వెళ్లినప్పుడు, పని కలిసొస్తుంది కదా అని కోర్టు దగ్గర వాకబు చేశాను. స్పానిష్ కాగితాలు తీసుకున్న లాయరు ఎవరూ తేలలేదు. ఆయన పేరు రాస్తే నేనే వెళ్లి తెచ్చుకుంటాను. అనుమానించి అడుగుతున్నాననుకోకండి. పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకుని ఇలా గుచ్చి అడగడం అలవాటైపోయింది.

ఝాన్సీ


నాగాయలంక,
8 జనవరి 2025

ఝాన్సీలక్ష్మి గారికి,

మీ ఉత్తరం చదివి చాలా బాధ కలిగింది. బావ ఫోన్ తెరిచింది నేనే. కంపెనీవాళ్ల నంబర్లు అందులోనే ఉన్నాయి. ఆ మాత్రానికే నన్ను దొంగను చేసి మాట్లాడారు. బందరు వెళ్లి నా గురించి కోర్టులో వాకబు చేయడం మీకు తగునా అండీ.

మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఒకే కంచంలో తిన్నాం. అతని కోసం నేనేం చేశానో పైవాడికి తెలుసు. పోయినవాణ్ణి ప్రశాంతంగా ఉండనివ్వండి. మాసికాలూ తిథులూ మీ నమ్మకం, నేను కాదనను. దయచేసి నన్ను అందులోకి లాగవద్దు.

ఇక ఈ విషయం మీద నేను రాయదలుచుకోలేదు.

కె. రత్నం


గుడివాడ,
17 జనవరి 2025

రత్నం గారికి,

రాయనన్నారు, సరే. చదవండి చాలు.

మార్చి ఆరో తారీకు సాయంత్రం ఆరు గంటలకు మీరు నాకు ఫోన్ చేశారు. "ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇప్పుడే దిగానమ్మా," అన్నారు. ఆ మాట తర్వాతే ఆయన పోయిన సంగతి చెప్పారు. ఆ రెండు మాటలూ నేను చచ్చేదాకా మర్చిపోను.

గ్వాయాకిల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు గాలిలో తొమ్మిది వేల ఎనిమిది వందల కిలోమీటర్లు. విమానం గంటకు ఎనిమిదీ తొమ్మిది వందలు పోతుంది. సగం రోజు ప్రయాణం. అంటే మన టైము మూడూ యాభైకి మీరు సముద్రం మీద ఉన్నారు. ఆయన ఫోన్ మీ జేబులో లేదు. అది ఏప్రిల్లో అస్థికల పెట్టెలో గ్వాయాకిల్ నుంచి వచ్చింది. మా వరండాలో కూర్చుని ఆ పెట్టె టేపు కోసింది మీరే. ఫోన్ తీసి బిందు చేతిలో పెట్టిందీ మీరే.

గ్వాయాకిల్‌లో ఉన్న ఫోన్‌ను, లాక్ తెలిసి, ఆరో తారీకున తెరవగలిగింది ఒక్కరే. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు.

మీరు ఎందుకు అబద్ధం చెప్పారో నేను అడగడం లేదు. నా మీద పడ్డది ఏమిటో ఒక్కసారి చూడండి. దశమి నాడు ఆయన ఆసుపత్రి మంచం మీద ఊపిరి పీలుస్తున్నాడు. ఆ తిథికి నెలనెలా ఆయన పేరు చెప్పి పిండం పెట్టించాను. బతికున్న మనిషికి పెట్టించాను. మర్నాడు వచ్చి మెట్టు దగ్గర నిలబడక ఏం చేస్తాడు?

ఫిబ్రవరి ఇరవై రెండు దాటితే సంవత్సరీకం. తప్పు తిథికి ఇంకొకసారి పెట్టలేను. కోపతాపాలు తర్వాత చూసుకుందాం. నాకు గంట కావాలి, కాగితం కావాలి.

ఝాన్సీలక్ష్మి


నాగాయలంక,
3 ఫిబ్రవరి 2025

చెల్లెమ్మా,

అలా పిలిచే అర్హత పోయిందని తెలుసు. ఇంకెలా పిలవాలో తెలియక రాస్తున్నాను.

కాగితం ఇందులోనే పెట్టాను. మార్చి ఆరు, ఉదయం ఐదూ నలభై ఐదు. మన లెక్కకు అదే రోజు సాయంత్రం నాలుగుంబావు. నువ్వు మొదటి ఉత్తరంలో నాలుగుంబావు అని రాసినప్పుడు ఈ కాగితం తీసి గంట మళ్లీ చూసుకున్నాను. ఆ గంట ఇక్కడ నాకూ ఈ కాగితానికీ తప్ప ఎవరికీ తెలియదు. లాయరు లేడు. ఏప్రిల్లో కంపెనీవాళ్లు నా పేరు మీద పంపిన కాగితం అప్పట్నించీ నా బైబిల్లోనే ఉండిపోయింది.

ఐదో తారీకు మధ్యాహ్నం డాక్టరు నన్ను బయటికి పిలిచి, ఒకటి రెండు రోజులకు మించి కష్టమన్నాడు. నా విమానం ఆ సాయంత్రమే. అక్కడ ఉండే పర్మిట్ అయిపోతోందని చెప్పొచ్చు, అది నిజమే. కానీ అడిగితే వారం పొడిగించేవాళ్లు. నేను అడగలేదు. మూడేళ్లు గ్వాయాకిల్ ముందున్న ఆ దీవుల్లో, పడవ వస్తే తప్ప మూడో మనిషి ముఖం కనిపించని రొయ్యల చెరువుల మీద బతికాను. ఆ ఒక్క విమానం తప్పితే నేనూ అక్కడే పోతానని పిచ్చి భయం పట్టుకుంది. ఇది సాకు కాదు. జరిగింది చెబుతున్నాను.

బావకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. నీళ్లు కావాలన్నా, నొప్పి అని చెప్పాలన్నా నేనే. డాక్టరు ఏమన్నాడని అడిగాడు. తగ్గుతుందన్నాడని చెప్పాను. నా మణికట్టు పట్టుకుని, "ఒక్క రోజు ఉండు బావా. రేపు వెళ్దువుగాని," అన్నాడు. టికెట్ సంగతి అతనికి తెలుసు. సరేనన్నాను. కాసేపటికి, కిందికెళ్లి కాఫీ తాగి వస్తానని చెప్పాను. చెయ్యి వదిలాడు. నా పెట్టె అప్పటికే కింద కౌంటర్లో ఉంది. టాక్సీ ఎక్కాను.

విమానంలో ముందు సీటు వెనక చిన్న తెర ఉంటుంది. బయలుదేరిన ఊరికి ఎంత దూరం వచ్చామో అంకె పడుతూ ఉంటుంది. నిద్ర పట్టక అదే చూస్తూ కూర్చున్నాను. అంకె పెరిగేకొద్దీ నా గుండె తేలికపడింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ పడింది. దిగబోయే ముందు టిఫిన్ ఇచ్చారు. వేడి రొట్టె. బాగుందని ఇంకొకటి అడిగి తీసుకున్నాను. అప్పుడు తెర మీద ఎనిమిది వేల ఎనిమిది వందలు దాటింది. తర్వాత గంటలు సరిపెట్టి చూసుకుంటే, బావ పోయింది సరిగ్గా నేను ఆ రెండో రొట్టె తింటున్నప్పుడు. అప్పట్నించి రొట్టె నోట్లో పెట్టుకోలేకపోతున్నాను. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పాస్టరుగారు ఇచ్చే రొట్టె ముక్క కూడా.

దిగి ఫోన్ ఆన్ చేస్తే మేనేజరు మెసేజి ముందు కనిపించింది, పోయాడని. దాని కింద బావ దగ్గర్నించి ఆరు మిస్డ్ కాల్స్. ఆఖర్న ఒక వాయిస్ మెసేజి, యాభై రెండు సెకన్లు. నీకు ఫోన్ చేశాను. నువ్వు మొట్టమొదట అడిగింది ఒకటే, "మీరు పక్కనే ఉన్నారా అన్నయ్యగారూ?" ఉన్నానమ్మా అనేశాను. ఉన్నానంటే అతను నేను విమానం ఎక్కకముందే పోయి ఉండాలి. అందుకని ఒక రోజు పైన వెనక్కి జరిపి చెప్పాను. మాలో గంటకు పట్టింపు లేదు కదా, ఒక రోజు అటూ ఇటూ అయితే ఎవరికి నష్టమనుకున్నాను. మీరు ఆ గంటను పట్టుకుని అన్నం పెడతారని నాకు తట్టలేదు.

ఒళ్లో తల పెట్టుకోవడం, పేర్లు తలుచుకోవడం, అవన్నీ నేను కల్పించినవి. నా ఫోన్ చెరువులో పడలేదు. మోగితే చాలు, ఆ ఆరు కాల్సే అనిపిస్తుంది, ఎత్తలేను.

వాయిస్ మెసేజి నేను ఇంతవరకూ వినలేదు. ధైర్యం చాలలేదు. ఈ ఉత్తరం పోస్టు చేసి, అది నీ ఫోన్‌కు పంపిస్తాను. తెరవకుండానే. అది వినాల్సింది నువ్వే అనిపించింది.

రత్నం


గుడివాడ,
26 ఫిబ్రవరి 2025

రత్నం గారికి,

కాగితం అందింది. వెంకట్రామయ్యగారికి చూపించాను.  ఆయన పంచాంగం తీసి, ఏకాదశి అన్నారు. సంవత్సరీకం ఏకాదశి తిథికే పెట్టించాం. జరిగిన పొరపాటుకు ఏదో చిన్న ప్రాయశ్చిత్తం కూడా చేయించారు. అది ఎందుకన్నది సాయికిరణ్‌కు చెప్పలేదు. చెబితే వాడు నాగాయలంక వచ్చేవాడు.

అన్నీ అయ్యాక నాలుగు గంటలకు పెరటి మెట్టు మీద నేనే వెళ్లి కూర్చున్నాను. బిందు వచ్చి పక్కన కూర్చుంది. నాలుగుంబావు అయింది, నాలుగున్నర అయింది. ఏ చప్పుడూ రాలేదు. వచ్చినప్పుడు భయపడ్డాను, రాకపోతే ఇంకా భయమేసింది. ఇక రాడు కదా అని అప్పుడు తెలిసింది. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మిమ్మల్ని క్షమించానని రాయలేను. మీ మీద పీకలదాకా కోపం ఉంది. దగ్గరుంటే ఆయన బతికేవాడని కాదు, నాకా భ్రమ లేదు. కాఫీ తాగి వస్తానన్న మాట తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. మీరు కాఫీ తాగి వస్తారనే ఆయన అనుకున్నాడు. ఆ సంగతి నాకు మెసేజిలో తెలిసింది.

విన్నాను. మొదట ఆయన గొంతు. బాగా నీరసంగా ఉంది కానీ ఆయనదే. ఆయన అన్నది ఇంతే: "బావా, ఫోన్ ఎత్తవేంటి. ఈ పిల్ల ఏదో అడుగుతోంది, నాకేం తెలియట్లేదు. ఫోన్ ఇస్తున్నా. నువ్వే చెప్పు."

తర్వాత ఒక ఆడమనిషి గొంతు, చిన్న వయసే. స్పానిష్ కాబోలు. మాట్లాడుతుంది, ఆగుతుంది, మళ్లీ మాట్లాడుతుంది. చివర్లో ఏదో చప్పుడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన బతికుండగా ఆయన దగ్గర నిలబడి మాట్లాడిన ఆఖరి మనిషి ఆమే. ఏం అడిగిందో తెలియకుండా నేను ఉండలేను. ఆయనకు ఏం కావలసి వచ్చిందో, అది దొరికిందో లేదో నాకు తెలియాలి.

ఫోన్‌లో పెడితే తెలుగులోకి మార్చి చెబుతుందంది బిందు. వద్దన్నాను. ఆమె అడిగింది ఫోన్‌ను కాదు, మిమ్మల్ని. మీరు వినండి. విని, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఈసారి ఒక్క మాట కలిపినా నాకు తెలిసిపోతుంది.

ఝాన్సీలక్ష్మి


నాగాయలంక,
6 మార్చి 2025

చెల్లెమ్మా,

మా లెక్క ప్రకారం ఈ రోజే. పాస్టరుగారిని పిలవలేదు. పొద్దున్నే ఒక్కడినే చెరువు గట్టు మీదికి వెళ్లి, ఫోన్ చెవికి పెట్టుకుని విన్నాను. నాలుగుసార్లు విన్నాను. ఒక్క మాట కలపకుండా రాస్తున్నాను.

అది రికార్డవుతోందని ఆ అమ్మాయికి తెలియదు. నేను అవతల లైన్లో ఉన్నాననే అనుకుంది. అందుకే అడిగినప్పుడల్లా జవాబు కోసం ఆగింది.

"నమస్కారం అండీ. నేను ఈ వార్డు నర్సును. మీ స్నేహితుడు మంచం పక్కనున్న కుర్చీని మాటిమాటికీ చూపిస్తున్నారు. నాకు అర్థం కావడం లేదు," అంది.

ఆగింది. బావ ఊపిరి వినిపిస్తోంది.

"అడ్డంగా ఉంది, తీసేయమంటున్నారా? ఎవరినైనా వచ్చి కూర్చోమంటున్నారా? కాస్త అడిగి చెప్పండి."

మళ్లీ ఆగింది. ఈసారి చాలాసేపు. వెనక ఏదో మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. "అయ్యా, వినిపిస్తోందా?" అంది. ఆ తర్వాత నాతో కాదు, అతనితో, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు నెమ్మదిగా, "సరే సరే. నేను కూర్చుంటాను," అంది. చివర్లో నువ్వు విన్న చప్పుడు కుర్చీ లాగినది. దాంతో అయిపోతుంది.

అది అయ్యేసరికి అక్కడ ఐదూ ఇరవై. ఆ తర్వాత పాతిక నిమిషాలు ఆమె కూర్చుందో, మధ్యలో ఇంకో పేషెంటు పిలిస్తే లేచి వెళ్లిందో నాకు తెలియదు. కూర్చునే ఉందని రాయాలని ఉంది. రాయను. కూర్చుందన్నంత వరకూ నా చెవులతో విన్నాను. నీకు ఇవ్వగలిగింది అంతే.

అతను అడిగింది ఆ కుర్చీలో ఒక మనిషిని. ఆ కుర్చీ నాది. మూడు రోజులు నేను కూర్చున్నదే. పేరు కూడా తెలియని పిల్ల వచ్చి అందులో కూర్చుంది. ఆమె అడిగిన దానికి జవాబు చెప్పగలిగిన మనిషిని లోకంలో నేనొక్కణ్ణే, అప్పుడు నేను ఫోన్ ఆపుకుని ఆకాశంలో ఉన్నాను.

నాలుగోసారి వింటున్నప్పుడు, జవాబు కోసం ఆమె ఆగిన చోట నేను మెసేజి ఆపాను. గట్టు మీద నిలబడి, కూర్చోమంటున్నాడమ్మా, ఆ కుర్చీలో కూర్చో అని స్పానిష్‌లో గట్టిగా చెప్పాను. చెప్పాకే మిగతాది విన్నాను.

రత్నం